నేలలో ఉన్న జింకు ఆలుగడ్డకు ఎందుకు అందదు?

ఎకరం చేనులో పైన ఆరంగుళాల మట్టిని తూకం వేయగలిగితే దాదాపు 9 లక్షల కిలోలు తూగుతుంది. మామూలు నేలల్లో కిలో మట్టికి ఇంచుమించు 50 మిల్లీగ్రాముల జింకు ఉంటుంది. అంటే ఎకరంలో 45 కిలోలు. అదే ఎకరంలో పది టన్నుల ఆలుగడ్డ పండితే, ఆకు, కాండం, దుంప అన్నీ కలిపి ఆ పైరు తీసుకునే జింకు వంద గ్రాములకు కాస్త అటూఇటూ. ఇంత నిల్వ ఉన్న నేలలో అంత చిన్న అవసరం తీరక పైరు గిడసబారిపోవడం ఎన్నో చేలలో కనిపిస్తుంది. గాదె నిండా ధాన్యం ఉండి, తాళంచెవి దొరకక ఇంటిల్లిపాదీ పస్తున్నట్టు.

పశువుల ఎరువును, జింకు సల్ఫేటును రెండు వేర్వేరు పద్దులుగా చూసినంతకాలం ఈ చిక్కు విడిపోదు. ఒకటి సేంద్రియం, ఇంకొకటి రసాయనం అని గీత గీసి, ఎవరి పక్షాన వారు నిలబడి వాదించుకోవడం మనలో బాగా ముదిరింది. నేను చెప్పదలచుకున్నది ఆ వాదనకు పక్కగా ఉంది. ఆలుగడ్డ చేలో పశువుల ఎరువు చేసే పెద్ద పనుల్లో జింకును వేరు దాకా మోసుకెళ్లడం ఒకటి. ఆ మోసే చేయి లేని నేలలో జింకు బస్తాలు ఎన్ని చల్లినా చాలావరకు మట్టిపాలవుతుంది. అలాగే జింకు నిజంగా అడుగంటిన నేలలో ఎరువు ఒక్కటే నాలుగైదు ట్రాక్టర్లు తోలినా ఒక హద్దు దగ్గర దిగుబడి ఆగిపోతుంది.

తెలుగు నేల మీద ఆలుగడ్డ కొద్ది చోట్లే పండుతుంది. తెలంగాణలో జహీరాబాద్ చుట్టుపక్కల, ఆంధ్రప్రదేశ్‌లో పలమనేరు, కుప్పం వైపు. చిత్తూరు జిల్లాలో దీన్ని ఉర్లగడ్డ అంటారు, కోస్తాలో బంగాళాదుంప. రెండు ప్రాంతాలూ సముద్రమట్టానికి ఎత్తుగా ఉన్నవే, రాత్రిళ్లు చల్లబడేవే. దుంప ఊరాలంటే రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల లోపు ఉండాలి. అందుకే జహీరాబాద్ రైతులు అక్టోబరు, నవంబరులో నాటి, జనవరి, ఫిబ్రవరి నెలల్లో తవ్వుతారు. ఈ చలికీ మన కథకూ సంబంధం ఉంది. నేల చల్లబడితే మట్టినీటిలో జింకు కదలిక మందగిస్తుంది, వేరు పెరుగుదల కూడా నెమ్మదిస్తుంది. దుంపకు ఏ చలి మేలు చేస్తుందో అదే చలి జింకు అందడాన్ని కష్టం చేస్తుంది.

మట్టి ఎందుకు పట్టి ఉంచుతుంది

ఆ 45 కిలోలలో ఎక్కువ భాగం రాతి రేణువుల లోపల, బంకమట్టి పొరల మధ్య, ఇనుము ఆక్సైడ్ల మీద గట్టిగా అతుక్కుని ఉంటుంది. వేరు పీల్చుకోగలిగింది మట్టినీటిలో కరిగిన జింకును, లేదా తేలికగా కరగడానికి సిద్ధంగా ఉన్న జింకును మాత్రమే. ఈ అందే భాగాన్ని కొలవడానికి లిండ్సే, నార్వెల్ అనే శాస్త్రవేత్తలు 1978లో ప్రచురించిన డీటీపీఏ పరీక్షనే మన భూసార పరీక్ష కేంద్రాలు ఇప్పటికీ వాడుతున్నాయి. కిలో మట్టికి 0.6 మిల్లీగ్రాముల కన్నా తక్కువ వస్తే ఆ నేలను జింకు కొరత నేలగా లెక్కిస్తారు. ఎకరానికి లెక్క కడితే అది అర కిలోకు కాస్త ఎక్కువ. 45 కిలోలలో అర కిలో! సూక్ష్మపోషకాలపై దేశవ్యాప్తంగా సాగుతున్న సమన్వయ పరిశోధన పథకం పరీక్షించిన మట్టి నమూనాల్లో మూడో వంతుకు పైగా ఈ గీతకు కిందనే ఉన్నాయి.

మట్టి పులుపా, క్షారమా అని చెప్పే ఉదజని సూచిక, అంటే పీహెచ్, ఒక్క అంకె పెరిగితే మట్టినీటిలో కరిగే జింకు దాదాపు నూరో వంతుకు పడిపోతుంది. ఆరున్నర పీహెచ్ ఉన్న ఎర్ర నేలకూ, ఎనిమిది దాటిన సున్నపు నల్లరేగడికీ మధ్య తేడా ఈ లెక్కన వెయ్యి రెట్లు. దుక్కిలో తెల్లటి సున్నపు గడ్డలు బయటపడే రేగడి నేలల్లో జింకు లోపం తరచుగా కనిపించడానికి ఇదే కారణం.

తెలుగు రైతుకు జింకు అనగానే వరి గుర్తొస్తుంది. 1960ల మధ్యలో పంత్‌నగర్‌లో వై.ఎల్. నెనె అనే శాస్త్రవేత్త వరిలో వచ్చే ఖైరా తెగులుకు మూలం పురుగూ కాదు, శిలీంధ్రమూ కాదు, జింకు కొరత అని తేల్చారు. ఆకుల మీద తుప్పు మచ్చలు చూడగానే జింకు సల్ఫేటు పిచికారీ చేయడం అప్పటినుంచి వరి రైతుకు అలవాటైంది. ఆలుగడ్డలో ఈ లోపం అంత స్పష్టంగా బయటపడదు. దాని గురించి చెప్పాలంటే మొక్క మొదట్లోకి వెళ్లి చూడాలి.

నలభై అయిదో రోజున మట్టి తొలగిస్తే

నాటిన నలభై అయిదో రోజు ప్రాంతంలో, బోదె పక్కన కూర్చుని వేళ్లతో మెల్లగా మట్టి తొలగించి చూడండి. అడుగున విత్తనంగా పెట్టిన తల్లి దుంప ముడతలు పడి మెత్తబడి ఉంటుంది. దాని పైన కాండం నుంచి తెల్లటి తీగలు అడ్డంగా పాకి ఉంటాయి. అవి వేళ్లు కావు, భూమి లోపల పెరిగే కాండాలు. వాటి కొసలు కొక్కెంలా వంగి, ఆ వంపు దగ్గర బఠాణీ గింజంత, గోలీకాయంత ఊరడం మొదలవుతుంది. అదే దుంప. అసలు వేళ్లు వేరే ఉంటాయి. సన్నటి నూలుపోగుల్లా, చాలావరకు పై అడుగు మట్టిలోనే అల్లుకుని ఉంటాయి. ఆలుగడ్డ వేరు లోతుకు వెళ్లే రకం కాదు.

ఏళ్ల తరబడి ఎరువు తిన్న చేలో ఆ నూలుపోగులను పైకి లేపితే గోధుమరవ్వ లాంటి మట్టి పలుకులు వాటిని అంటిపెట్టుకుని వస్తాయి, విదిలించినా రాలవు. ఎరువు చూడని రేగడిలో అదే వేరు పెళ్ల లోపలికి దూరలేక, పెళ్లకూ పెళ్లకూ మధ్య ఉన్న సందులో అణిగిపోయి చదునుగా కనిపిస్తుంది. పెళ్ల లోపల ఉన్న జింకుకూ ఆ వేరుకూ మధ్య దూరం వేలెడు కూడా ఉండదు, కానీ అది దాటరాని దూరం. జింకు మట్టిలో నీటితోపాటు పారి రాదు. ఎక్కువ గాఢత నుంచి తక్కువ గాఢత వైపు అతి మెల్లగా, మిల్లీమీటర్ల మేర మాత్రమే విస్తరిస్తుంది. వేరు తానే దాని దగ్గరికి వెళ్లాలి, లేదా ఎవరో దాన్ని వేరు దగ్గరికి తేవాలి.

ఇక్కడే మాగిన ఎరువు పని మొదలవుతుంది. ఎరువు చివికేటప్పుడు సూక్ష్మజీవులు సిట్రిక్, ఆక్సాలిక్ వంటి సేంద్రియ ఆమ్లాలను, ఫుల్విక్ ఆమ్లాలను విడుదల చేస్తాయి. ఈ అణువులు జింకును పట్టుకుని, సున్నం, భాస్వరం వంటివాటి చేతికి చిక్కకుండా కరిగిన స్థితిలోనే నిలుపుతాయి. అంగట్లో చిన్న పొట్లాల్లో ఖరీదుగా అమ్మే చిలేటెడ్ జింకు కూడా ఇదే సూత్రంతో తయారైంది. అందులో జింకును పట్టుకున్నది ఈడీటీఏ అనే కృత్రిమ అణువు, దిబ్బ ఎరువులో ఆ పని చేసేది చివికిన గడ్డీ పేడా. చివుకుతున్న ఎరువు చుట్టూ పీహెచ్ కూడా స్థానికంగా కొంత తగ్గుతుంది. మట్టి గుల్లబారి వేరు దూరడానికి చోటు దొరుకుతుంది. మైకోరైజా అనే శిలీంధ్రం వేరుకు అంటుకుని తన పోగులను వేరు చేరలేని సందుల్లోకి చాపుతుంది, అక్కడి జింకును, భాస్వరాన్ని తెచ్చి మొక్కకు ఇస్తుంది. సేంద్రియ పదార్థం ఉన్న నేలలో ఆ శిలీంధ్రం బాగా బతుకుతుంది.

ఎరువులో జింకు కూడా ఉంటుందన్న సంగతి చాలామంది లెక్కలోకి తీసుకోరు. పశువుల ఎరువు ఎండు బరువులో కిలోకు 50 నుంచి 100 మిల్లీగ్రాముల జింకు ఉండటం సాధారణం. పది టన్నుల ఎరువులో సగం తేమ అనుకున్నా, దాంతోపాటు పావు కిలో నుంచి అర కిలో జింకు చేలో పడుతుంది. పైరు తీసుకునే వంద గ్రాముల కన్నా ఇది ఎక్కువ. కోళ్ల ఎరువులో ఇంకా ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే కోళ్ల దాణాలో జింకు కలుపుతారు.

మొక్కలో జింకు చేసే పని

జింకు ఎరువు కాదు, పనిముట్టు. పిండిపదార్థంలో అది కలిసిపోదు, ఆ పిండిపదార్థాన్ని తయారుచేసే ఎంజైముల్లో ఉంటుంది. ఆకులో బొగ్గుపులుసు వాయువును పనికొచ్చే రూపంలోకి మార్చే కార్బానిక్ అన్‌హైడ్రేజ్ నడవాలంటే జింకు కావాలి. కణుపులు సాగి ఆకు విచ్చుకోవడానికి కావలసిన ఆక్సిన్ అనే హార్మోను తయారీకి జింకు కావాలి. దుంపలోని ఎండు పదార్థంలో డెబ్బై శాతానికి పైగా పిండిపదార్థమే. ఆకు విస్తీర్ణం తగ్గితే ఆ పిండి తయారయ్యే చోటే తగ్గిపోయినట్టు.

కొరత ఉన్న మొక్కలో లేత ఆకులు చిన్నవై నిటారుగా నిలబడతాయి, అంచులు పైకి ముడుచుకుంటాయి. కణుపుల మధ్య దూరం తగ్గి మొక్క కుదించుకుపోతుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఈ రూపాన్ని ఫెర్న్ ఆకు అని పిలిచి, 1960లలో దానికి జింకు కొరతతో, భాస్వరం అధికంగా ఉండటంతో సంబంధం ఉందని గుర్తించారు. ఇదే రూపాన్ని మన రైతులు ఆకుముడత వైరస్ అనుకుని పేనుబంక మందులు కొట్టడం మామూలు. తేడా పట్టుకోవడానికి ఒక తేలికైన గుర్తుంది. విత్తనం ద్వారా వచ్చిన ఆకుముడత వైరస్ అడుగు ఆకుల్లో ముందు కనిపిస్తుంది. ఆ ఆకులు తోలులా మందంగా మారి, చేత్తో నలిపితే ఎండుటాకులా గలగలలాడతాయి. జింకు కొరత కొసన ఉన్న లేత ఆకుల్లో ముందు కనిపిస్తుంది, ఎందుకంటే ముదురు ఆకుల్లోని జింకు లేత ఆకులకు అంత సులువుగా తరలిపోదు.

మొక్కకు ఎన్ని దుంపలు ఊరాలన్నది చాలావరకు విత్తన దుంప సైజు, దాని నుంచి వచ్చే పిలకల సంఖ్య, తొలి రోజుల తేమ, ఉష్ణోగ్రత నిర్ణయిస్తాయి. జింకు ప్రభావం దాని తరువాత, ఊరిన దుంప ఎంత లావెక్కుతుందన్న దగ్గర ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే మొత్తం దిగుబడి ఒక్కటే చూస్తే అసలు తేడా కొంత కనుమరుగవుతుంది. గోలీల సైజు దుంపలు పది బస్తాలకూ, అమ్ముడుపోయే సైజు దుంపలు పది బస్తాలకూ సంతలో వచ్చే ధర ఒకటి కాదు.

ఎరువు దగ్గర తప్పటడుగులు

ఎరువు గొప్పతనం ఇంత చెప్పాను కాబట్టి, దాని పరిమితులు చెప్పకపోతే రైతుకు అన్యాయం చేసినట్టవుతుంది. మామూలు పశువుల ఎరువులో నత్రజని 0.5 శాతం. పది టన్నుల్లో 50 కిలోలు. పది టన్నుల దుంప పండే ఎకరం ఆలుగడ్డ కూడా సుమారుగా అంతే నత్రజనిని తీసుకుంటుంది. కాగితం మీద లెక్క సరిపోయింది. కానీ ఆ ఎరువులోని నత్రజనిలో తొలి పంటకు అందేది మూడో వంతు లోపే, అంటే పదిహేను కిలోలు. మిగతాది సూక్ష్మజీవుల ఒంట్లో, చివకని పీచులో ఉండిపోతుంది. ఆలుగడ్డ వంద రోజుల పంట, అందులో ఇరవయ్యో రోజు నుంచి అరవయ్యో రోజు దాకా నత్రజని కోసం ఆత్రంగా చూస్తుంది. అది చలికాలం కాబట్టి సూక్ష్మజీవుల పని కూడా నెమ్మదిగా సాగుతుంది. రసాయన ఎరువులు ఒక్కసారిగా మానేసి ఎరువు మీదే ఆధారపడిన తొలి ఏడు, రెండో ఏడు దిగుబడి తగ్గితే, తప్పు రైతుది కాదు, పద్ధతిదీ కాదు. ఈ కాలవ్యవధి తేడాది. వేరుశనగ చెక్కలో 7 శాతం, ఆముదం పిండిలో 4 నుంచి 5 శాతం నత్రజని ఉంటుంది, అది త్వరగా చివుకుతుంది కూడా. సేంద్రియంగానే పండించాలనుకునేవారు ఈ చెక్కల సాయం లేకుండా ఆలుగడ్డకు పూనుకోవడం కష్టం.

మాగని పెంట వేయడం ఇంకా పెద్ద పొరపాటు. పచ్చి పేడలో, సగం చివికిన గడ్డిలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. దాన్ని చివికించడానికి సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనినే వాడుకుని పైరును పస్తు పెడతాయి. వేరుపురుగు అటువంటి పెంటను వెతుక్కుంటూ వస్తుంది, వచ్చాక దుంపకు గుంటలు పెడుతుంది. స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవి వల్ల దుంప తోలు మీద లేచే గరుకు గజ్జి మచ్చలు కూడా పచ్చి పెంట వేసిన చేలో, సున్నం ఎక్కువగా ఉన్న నేలలో పెరుగుతాయి. ఎరువు మాగిందో లేదో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. పిడికిట్లోకి తీసుకుని నలిపితే పొడిపొడిగా రాలాలి, గడ్డి పోచ చేతికి తగలకూడదు. వాసన చూస్తే పశువుల కొట్టం గుర్తు రాకూడదు, తొలకరి పడ్డ మట్టి గుర్తు రావాలి. చేయి లోపలికి పెడితే వేడి తగలకూడదు.

అసలు ఎరువు ఎక్కడుంది అన్న ప్రశ్న మరొకటి. ఒక పశువు రోజుకు పది కిలోల పేడ వేస్తే ఏడాదికి మూడున్నర టన్నులు. మాగేసరికి అందులో సగం కూడా మిగలదు. ఎకరానికి పది టన్నుల మాగిన ఎరువు కావాలంటే ఏడాది పొడవునా ఆరేడు పశువులు ఆ ఎకరం కోసమే పేడ వేయాలి. ఎడ్లు ట్రాక్టర్లకు చోటిచ్చిన పల్లెల్లో అది ఎంత మందికి సాధ్యం? గొర్రెల మంద కట్టించుకునే పాత పద్ధతి, పచ్చిరొట్ట పైర్లు ఈ లోటును కొంత పూడుస్తాయి. మిగిలిన కొద్ది ఎరువును చేనంతా చల్లకుండా నాటే చాలులోనే వేయడం రైతు చేతిలో ఉన్న మంచి ఉపాయం.

డీఏపీ చేసే పేచీ

ఆలుగడ్డ వేరు పైపైనే ఉంటుంది కాబట్టి దానికి భాస్వరం బాగా వేయాలని అందరూ చెబుతారు. ఆ మాట నిజమే, కానీ చెప్పినదానికి మించి వేయడం అలవాటైంది. ఎకరానికి మూడు బస్తాల డీఏపీ వేస్తే 69 కిలోల భాస్వరం. పది టన్నుల దుంప తీసుకునేది పదిహేను, ఇరవై కిలోలు. మిగిలిన భాస్వరం నీటితో కొట్టుకుపోదు, మట్టిలోనే పేరుకుంటుంది. ఏటా ఇదే సాగితే భాస్వరం కొండలా పెరుగుతుంది, జింకు ఉన్నచోటే ఉంటుంది.

ఈ రెండింటి తగవు పైకి కనిపించేంత సూటిగా లేదు. జింకు సల్ఫేటును డీఏపీతో కలిపి చల్లితే కరగని జింకు ఫాస్ఫేటు ఏర్పడుతుంది. అందుకే రెండింటి మధ్య రెండు మూడు రోజుల ఎడం ఉండాలని వ్యవసాయాధికారులు చెబుతారు. అది ఒక భాగం మాత్రమే. భాస్వరం పుష్కలంగా దొరికితే మొక్కకు మైకోరైజా శిలీంధ్రం అవసరం తగ్గి, దాన్ని దగ్గరికి రానివ్వడం తగ్గిస్తుంది. దాంతోపాటే ఆ శిలీంధ్రం తెచ్చే జింకు కూడా పోతుంది. ఇంకొక కారణం, భాస్వరం వల్ల ఆకు బాగా పెరిగితే అప్పటికే అందిన కొద్దిపాటి జింకు పెద్ద మొక్కంతటా పలచబడటం. మట్టిలో ఎడం పాటించిన రైతుకు కూడా ఏటా మోతాదు మించిన డీఏపీ వేస్తే జింకు కొరత తప్పకపోవడానికి కారణం ఇదే. కోళ్ల ఎరువు విషయంలో కూడా ఈ జాగ్రత్త అవసరం. దాంట్లో జింకు ఎక్కువే, కానీ భాస్వరం ఇంకా చాలా ఎక్కువ.

ప్రయోగాలు ఎందుకు పొంతన లేకుండా కనిపిస్తాయి

ఎరువూ జింకూ కలిపి వేస్తే ఆలుగడ్డ దిగుబడి బాగా పెరిగిందని ఒక ప్రయోగం చెబుతుంది. జింకు వల్ల ప్రత్యేకంగా ఏమీ పెరగలేదని మరొకటి చెబుతుంది. చదివేవారికి ఎవరిని నమ్మాలో తెలియదు. నా అభిప్రాయంలో రెండూ నిజమే కావచ్చు.

అర్థం కావడానికి ఒక ఊహాలెక్క వేద్దాం. ఏమీ వేయని మడిలో ఎనిమిది టన్నులు, ఎరువు మాత్రమే వేసిన మడిలో పది, జింకు మాత్రమే వేసిన మడిలో తొమ్మిది పండాయనుకోండి. రెండూ వేసిన మడిలో పదకొండు వస్తే ఎవరి పని వారు చేసుకున్నారని అర్థం. పన్నెండు వస్తే, ఎరువు జింకు పనిని పెంచిందని. పది మీద కొద్దిగా మాత్రమే వస్తే, ఎరువే జింకు అవసరాన్ని చాలావరకు తీర్చేసిందని, వేరేగా వేసిన జింకుకు పని మిగలలేదని. మొదటి నుంచీ జింకు బాగా తక్కువగా, సున్నం ఎక్కువగా ఉన్న నేలలో రెండో ఫలితం వచ్చే అవకాశం ఎక్కువ. కొరత స్వల్పంగా ఉన్న ఎర్ర నేలలో, మంచి ఎరువు దండిగా వేసినచోట మూడో ఫలితం. పరీక్షలో జింకు ఒక మిల్లీగ్రాము దాటిన నేలలో అయితే జింకు వేసినా వేయకపోయినా ఒకటే. కాబట్టి ఏ ప్రయోగం గురించి చదివినా ముందు వెతకవలసింది చివరి శాతాలను కాదు, మొదట్లో ఆ నేల పీహెచ్ ఎంత, డీటీపీఏ జింకు ఎంత అన్నది. ఆ రెండు అంకెలు లేని ప్రయోగ ఫలితాన్ని మరో ఊరి చేనుకు వర్తింపజేయకూడదు.

ఎవరూ పెద్దగా పట్టించుకోని మరో చిక్కు పిచికారీ మందుల్లో ఉంది. ఆలుగడ్డకు ఆకుమాడు తెగులు రాకుండా కొట్టే మాంకోజెబ్ అణువులోనే మాంగనీసుతోపాటు జింకు ఉంది. లీటరుకు రెండున్నర గ్రాముల చొప్పున ఎకరానికి రెండు వందల లీటర్ల నీటిలో కలిపి కొడితే, ఒక్కో విడతకు తొమ్మిది పది గ్రాముల జింకు ఆకుల మీద పడుతుంది. నాలుగైదు విడతలు కొట్టే చేలో అది పైరు అవసరంలో చెప్పుకోదగ్గ భాగం. అందులో కొంతే ఆకు లోపలికి పోతుందనుకున్నా, జింకు వేయని మడి అని మనం అనుకున్నది నిజానికి జింకు అందని మడి కాదు.

మరొకటి కాలం. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ క్షేత్రంలో హూస్‌ఫీల్డ్ అనే చేను ఉంది. అక్కడ ఒక మడికి 1852 నుంచి 1871 దాకా ఇరవై ఏళ్లు హెక్టారుకు ఏటా 35 టన్నుల పశువుల ఎరువు వేసి, ఆ తరువాత పూర్తిగా ఆపేశారు. ఎన్నడూ ఎరువు వేయని పక్క మడి కన్నా అక్కడ బార్లీ దిగుబడి వందేళ్ల తరువాత కూడా ఎక్కువగానే వచ్చింది. అదే హూస్‌ఫీల్డ్‌లో మరో భాగంలో 1876 నుంచి 1901 వరకు ఆలుగడ్డకు వేసిన ఎరువుల శేషం కూడా దశాబ్దాల పాటు తరువాతి పంటలకు పనికొచ్చింది. ఒక్క రబీలో ఎరువు వేసి, తవ్వి, తూచి, ఎరువు విలువ ఇంతే అని తేల్చే ప్రయోగం దాని విలువలో చిన్న ముక్కనే కొలుస్తుంది. ఎరువుకు పెట్టిన ఖర్చు ఒకే పంట ఖాతాలో రాసుకుని నష్టమొచ్చిందని బాధపడే రైతు కూడా అదే పొరపాటు చేస్తున్నాడు.

చేలో ఏం చేయాలి

ముందు మట్టి పరీక్ష. జింకు 0.6 కన్నా తక్కువైతే ఎకరానికి 10 కిలోల జింకు సల్ఫేటు ఆఖరి దుక్కిలో వేయవచ్చు. అంగట్లో దొరికేదాంట్లో రెండు రకాలున్నాయి. పలుకులుగా ఉండే రకంలో 21 శాతం జింకు, పొడిగా ఉండే ఖరీదైన రకంలో 33 శాతం. బస్తా మీద రాసి ఉన్న శాతం చదివి మోతాదు తగ్గించుకోవాలి. పలుకుల రకం 10 కిలోలు వేస్తే 2 కిలోల పైచిలుకు జింకు నేలలో పడుతుంది. పంట తీసుకునేది వంద గ్రాములే కాబట్టి మిగతాది తరువాతి పంటలకు ఉంటుంది. రెండు మూడు పంటలకు ఒకసారి వేస్తే చాలు. ఏటా వేస్తూ పోతే జింకు ఎక్కువై రాగి, ఇనుము అందకుండా చేస్తుంది.

నేరుగా చల్లే బదులు ఎరువులో మాగబెట్టి వేయడం నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి. సూక్ష్మపోషకాలను పది రెట్ల పశువుల ఎరువులో కలిపి నీడన 30 రోజులు ఉంచాలని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం చాలాకాలంగా సిఫారసు చేస్తోంది. ఆ లెక్కన 10 కిలోల జింకు సల్ఫేటుకు వంద కిలోల మాగిన ఎరువు. నీళ్లు చల్లి పదునుగా ఉంచి, గోనెపట్టా కప్పి, వారానికోసారి తిరగేయాలి. జింకు మట్టి సున్నాన్ని చూడకముందే సేంద్రియ ఆమ్లాల చేతిలో పడుతుంది. దాన్ని నాటే చాలులో, విత్తన దుంపకు పక్కగా వేస్తే వేరు పుట్టినచోటే జింకు సిద్ధంగా ఉంటుంది. ఎరువు కొద్దిగానే ఉన్న రైతుకు ఇది ఇంకా బాగా పనికొస్తుంది. ఆ కుప్పలో సూపర్ ఫాస్ఫేటు మాత్రం కలపకూడదు.

పైరు నిలబడి ఉండగా లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి వారం ఎడంతో రెండుసార్లు పిచికారీ చేయాలి. పురుగుమందులతో, తెగుళ్ల మందులతో కలపకుండా విడిగా, సాయంత్రం పూట కొట్టాలి. ఇది ఆకును కాపాడే అత్యవసర చికిత్స. నేల సంగతి దీంతో మారదు. సేంద్రియ ధ్రువీకరణ కోసం పండించేవారు జింకు సల్ఫేటు పేరు వినగానే వెనకడుగు వేయనక్కర్లేదు. కొరత ఉందని మట్టి పరీక్షతో చూపితే సూక్ష్మపోషకాలను పరిమితంగా వాడుకునే వెసులుబాటు ఆ నియమాల్లో ఉంటుంది. వాడేముందు ధ్రువీకరణ సంస్థ అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఇన్ని చెప్పినా, మీ చేనుకు జింకు కావాలో వద్దో చివరికి చెప్పగలిగింది మీ చేనే. ఈసారి నాటేటప్పుడు చేను మధ్యలో పక్కపక్కన నాలుగు బోదెలకు జింకు లేకుండా ఎరువు మాత్రమే వేసి, రెండు చివర్లా కర్రలు పాతండి. గట్టు పక్క బోదెలు తీసుకోవద్దు, అక్కడ తడి, ఎండ వేరుగా ఉంటాయి. మిగతా పనులన్నీ, నీళ్లు, మట్టి ఎగదోయడం, మందులు, అన్ని బోదెలకూ ఒకేలా చేయండి. తవ్వే రోజున ఆ నాలుగు బోదెల దుంపలు ఒక కుప్ప, వాటిని ఆనుకుని జింకు వేసిన నాలుగు బోదెల దుంపలు మరో కుప్ప పోయించండి. ఒక్కో కుప్పను కోడిగుడ్డు కన్నా పెద్దవి, చిన్నవి అని రెండుగా ఏరి, నాలుగింటినీ విడివిడిగా తూచి, మట్టి పరీక్ష కార్డు వెనకాలే ఆ నాలుగు అంకెలు, తేదీ రాసిపెట్టండి. వచ్చే అక్టోబరులో ఎరువుల దుకాణానికి వెళ్లేటప్పుడు ఆ కార్డు జేబులో ఉండాలి.